భయం గడప దాటనివ్వకపోతే

గుండె దడదడలాడుతుంది, చెమటలు పోస్తాయి, ప్రాణం పోతున్నట్టే ఉంటుంది. ఈసీజీ తీయిస్తే అంతా బాగుందంటారు. గుండెదడకు యూనానీలో ఖఫ్ఖాన్ అని పేరు. ఖమీరా గావ్‌జబాన్ ఇవ్వడం మా హకీములకు అలవాటు.

బళ్ళారిలో ఒక ఇల్లాలికి నేనూ రెండేళ్ళు అదే ఇచ్చాను. దడ తగ్గిందంటే సంతోషించాను. ఒకరోజు ఆమె భర్త మాటల్లో అన్నాడు: "హకీం సాబ్, తను బస్సెక్కి తొమ్మిదేళ్ళయింది. హొసపేటలో సొంత చెల్లెలి నికాకు కూడా పోలేదు. బజారు పని పిల్లలు చూసుకుంటారు, మాకేమీ ఇబ్బంది లేదు."

నాడి చూశాను, నిద్ర గురించి అడిగాను. ఏయే పనులు మానుకుందో మాత్రం అడగలేదు. తప్పు నాదే.

ఆందోళన జబ్బు మనిషిని ఏళ్ళ తరబడి కుంటిపరిచేది ఇలాగే. భయపడిన చోటికి పోకపోతే ఆ పూటకు హాయి. కానీ మరునాటికి భయం ఇంకో అడుగు ముందుకొస్తుంది. ముందు బస్సు, తర్వాత బజారు, చివరికి వాకిలి. "పాపం, నువ్వు కూర్చో" అని ఇంటివాళ్ళు ప్రేమతోనే ఆ భయానికి కాపలా కాస్తారు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 2019లో 30 కోట్ల మందికి ఈ జబ్బులున్నాయి. వైద్యం అందేది నలుగురిలో ఒకరికే. పదో శతాబ్దంలోనే అబూ జైద్ అల్ బల్ఖీ శరీరంతోపాటు మనసుకూ వైద్యం రాస్తూ, భయానికి ప్రత్యేకంగా ఒక అధ్యాయం ఇచ్చాడు. మనమే మరిచాం.

ముందు గుండె, థైరాయిడ్ పరీక్షలు చేయించండి. తర్వాత మానసిక వైద్యుణ్ణి కలవండి. సిగ్గెందుకు? దేశమంతటి జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి నమూనా 1985లో మన బళ్ళారిలో మొదలైనదే. 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనూ మాట్లాడతారు. డాక్టరు రాసిన మాత్రలు మీ అంతట మీరు ఆపకండి; నిద్రమాత్రల్లాంటివి హఠాత్తుగా ఆపితే ప్రమాదం. ఖమీరాలో చక్కెర ఉంటుంది, షుగరున్నవాళ్ళు జాగ్రత్త.

అసలు మందు కొద్దికొద్దిగా బయటికి నడవడం. మొదట వీధి చివరిదాకా, తర్వాత బస్టాండు దాకా. అక్కడ దడ వస్తే వెంటనే వెనక్కి తిరగకూడదు, అది దానంతటదే దిగేదాకా నిలబడాలి. తోడున్నవాళ్ళు "పద, ఇంటికి పోదాం" అనకూడదు. ఇదే అందరికంటే కష్టం, ఆమె భర్తను అడగండి.

పోయిన నెల ఆమె ఒక్కతే కౌల్ బజారు దాకా పోయి కూరగాయలు తెచ్చింది. హొసపేట బస్సు ఇంకా ఎక్కలేదు.