షోకేసులో శూరులు

వేములవాడ, కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల... ఈ వైపు గల్ఫ్ వెళ్లొచ్చినవాళ్ల పాత ఇళ్లలో హాల్లోకి అడుగుపెట్టగానే అద్దాల షోకేసు కనిపిస్తుంది. అందులో టీ కప్పుల సెట్టు, సెంటు సీసాలు, ఓ గడియారం. వాటి మధ్య అట్టపెట్టెలోంచి ఇంకా బయటికి తీయని ఓ బొమ్మ! కీ ఇస్తే నడిచే సైనికుడో, తుపాకీ పట్టిన కమాండోనో. 'ముట్టకురా, ఖరాబైతది' అన్న మాట వినకుండా పెరిగిన పిల్లలు ఆ ఇళ్లలో తక్కువ. బొమ్మ పిల్లాడిదే. తాళంచెవి మాత్రం అమ్మ కొంగున!

ఆ తరం ఇప్పుడు పెద్దదైంది. సొంత సంపాదన, సొంత షోకేసు. ఇక ఎవరూ వద్దనరు. అందుకేనేమో, ముప్ఫైలు నలభైలు దాటినవాళ్లు కూడా బ్యాట్‌మ్యాన్, ఐరన్‌మ్యాన్ బొమ్మలను వేలకు వేలు పోసి కొంటున్నారు.

వీటిని 'యాక్షన్ ఫిగర్' అంటారు. ఆ పేరు వెనక ఓ గడుసుతనం ఉంది. 1964లో అమెరికాలో హాస్‌బ్రో కంపెనీ జి.ఐ.జో అనే సైనికుడి బొమ్మను తెచ్చింది. దాదాపు అడుగు ఎత్తు, 21 చోట్ల కదిలే ఒళ్లు. 'డాల్' అంటే మగపిల్లలు సిగ్గుపడి కొనరని కంపెనీ భయం. అందుకే కొత్త పేరు పెట్టింది. మన దేశంలో ఎమ్మారెఫ్ వాళ్ల ఫన్‌స్కూల్ పుణ్యమా అని ఇదే జో చిన్న సైజులో ఇంటింటికీ వచ్చింది. ఇప్పటి ఖరీదైన బొమ్మల దారి వేరు. 2000లో హాంకాంగ్‌లో మొదలైన హాట్ టాయ్స్ లాంటి సంస్థలు ఆరడుగుల నటుణ్ని అడుగు బొమ్మగా, ముఖం మీద ముడతతో సహా దించేస్తున్నాయి. ఒక్కోటి పాతికవేల పైమాటే. దానికి తోడు మన ప్రభుత్వం బొమ్మల దిగుమతి సుంకాన్ని 2020లో 20 నుంచి 60 శాతానికి, 2023లో 70 శాతానికి పెంచింది.

పిచ్చి అంటారా? 1979లో స్టార్‌వార్స్ సినిమాలోని బోబా ఫెట్ బొమ్మను, వీపున ఎగిరే రాకెట్‌తో తెస్తామని కెన్నర్ కంపెనీ ప్రకటించింది. పిల్లల గొంతులో ఇరుక్కుంటుందన్న భయంతో ఆ రాకెట్ మానేసింది. మార్కెట్లోకే రాని ఆ బొమ్మ నమూనా ఒకటి 2024లో వేలంలో 5 లక్షల 25 వేల డాలర్లు పలికింది!

ఎండే అసలు విలన్

కొనడం ఒకెత్తు. మన ఊళ్లలో కాపాడటం పదెత్తులు. మే నెలలో ఇక్కడ ఎండ 45 డిగ్రీలకు చేరుతుంది. తలుపులు బిగించిన గదిలో బొమ్మ ఉడికిపోతుంది. మెత్తటి పీవీసీ ప్లాస్టిక్‌లో దాన్ని మెత్తగా ఉంచడానికి కలిపిన నూనెలాంటి రసాయనం వేడికి బయటికి ఊరుతుంది. ఒళ్లంతా జిగట, ఆ జిగటకు దుమ్ము. పాలిథిన్ కవర్లో చుట్టి భద్రం చేశామనుకునేవాళ్ల బొమ్మలకే ఈ జబ్బు ముందు వస్తుంది. ఆ ఊరినది పోయే దారి ఉండదు మరి! గోరువెచ్చని నీళ్లలో కాస్త సబ్బు కలిపి, రంగుకు దెబ్బ తగలకుండా తుడిచి, నీడన ఆరబెడితే కొంతవరకు నయమవుతుంది. షోకేసులో గాలి ఆడే సందు ఉండాలి. కిటికీ ఎదురుగా అసలు పెట్టకూడదు. ఎండ తగిలితే తెల్ల ప్లాస్టిక్ పసుపు తిరుగుతుంది. వేడెక్కే బల్బుల బదులు ఎల్ఈడీలు మేలు.

బ్యాట్‌మ్యాన్ కోటు మాటేమిటి? అది తోలు కాదు, తోలులాంటి పాలియురేథేన్. వానాకాలపు తేమకు కొన్నేళ్లలో పగిలి పొట్టుపొట్టుగా రాలుతుంది. దానికి మందు లేదు. అందుకే అనుభవమున్నవాళ్లు చేతులు మడిచిన భంగిమలో ఏళ్ల తరబడి ఉంచరు, మడత దగ్గరే ముందు చిట్లుతుంది కాబట్టి. నేత బట్ట వేసుకున్న బొమ్మలు నయం. అయితే ఒక చిక్కుంది. మనిషిని ఆరో వంతుకు కుదించవచ్చు, దారాన్ని కుదించలేం కదా! ముతక బట్ట వేస్తే చొక్కా గోనెసంచిలా ఉబ్బుతుంది. అగ్గిపెట్టెలో పట్టే చీర నేసిన నల్ల పరంధాములు, ఆయన కొడుకు విజయ్‌ల సిరిసిల్ల పక్కనే ఉంది. ఈ బొమ్మలకు బట్టలు నేసే పని మన మగ్గాలకు ఎందుకు రాలేదో!

కొలువు నేర్పిన పాఠం

ఉన్నవన్నీ ఇరికిస్తే షోకేసు కిరాణా కొట్టులా తయారవుతుంది. దసరాకో సంక్రాంతికో బొమ్మల కొలువు పెట్టే అమ్మమ్మలకు ఈ సంగతి ఎప్పుడో తెలుసు. మూడు, అయిదు, ఏడు... మెట్లు బేసిగా ఉండాలి. దేవుళ్లు పైన, సంతలో కోమటి జంట కింద. ఏటా కొత్త బొమ్మ ఒకటి చాలు. పండుగ కాగానే ప్రతి బొమ్మనూ తుడిచి, పాత బట్టలో చుట్టి, పెట్టెలో సర్దేస్తారు. ఏడాదికోసారి ప్రతిదీ చేతిలోకి వస్తుంది, విరిగిన చెయ్యి కంటపడుతుంది. హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంలో పిల్లల విభాగంలో బొమ్మ సైనికులను చూడండి. ఒక్కణ్ని తీసి చూపిస్తే ఏముంది? వరుసలో నిలబెడితేనే అది సైన్యం.

అసలు వీరుల బొమ్మలు మనకు కొత్తా? సిద్దిపేట మీదుగా చేర్యాల వెళ్లండి. నకాషీ కళాకారులు తేలికైన పొణికి కర్ర, రంపపు పొట్టు, చింతగింజల గుజ్జుతో మందహెచ్చుల వాళ్లకు కాటమరాజు కథ బొమ్మలు చేసిపెట్టేవారు. కాటమరాజు, ఆయన వైపు వీరులు, ఎదుటి వైపు వీరులు... పదుల సంఖ్యలో ఒక సెట్టు. గొల్ల కుర్మల వాడలో కథకుడు కథ చెబుతుంటే, ఏ వీరుడి వంతు వస్తే ఆ వీరుడు ముందుకొచ్చేవాడు. ఒక్క బొమ్మ లేకపోయినా కథ కుంటుపడేది. ఇప్పుడు కథ చెప్పేవాళ్లు తగ్గారు, చెప్పించుకునేవాళ్లూ తగ్గారు. నకాషీ కుటుంబాలైతే వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. అవి మాస్కులు, చిన్న పటాలు, గోడకు తగిలించే బొమ్మలు చేసి అమ్ముకుంటున్నాయి. ఐరన్‌మ్యాన్ పక్కన ఓ కాటమరాజుకు చోటిద్దామనుకునేవాళ్లు ఆ ఇళ్ల తలుపు తట్టవచ్చు. అట్టపెట్టె ఉండదు, సుంకమూ ఉండదు. ఎండ తగలనివ్వకుండా చూసుకోవాలి, అంతే... రంగు కదా!