సీసాలో దాచిన పండు – రోగి ఉన్న ఇంట్లో జాగ్రత్తలు

రోగిని చూడటానికి వచ్చేవారి చేతిలో ఏముంటుంది? ఒక బ్రెడ్డు ప్యాకెట్టు, నాలుగు పండ్లు, ఒక్కోసారి ఇంట్లో చేసిన జామ్ సీసా. "బజారుది కాదు, మా చేత్తో చేసిందే" అని మంచం పక్కన పెడతారు. ఆ ప్రేమను ఎవరూ కాదనలేరు. అయితే సీసాలో ఉన్నది ఈ రోగికి సరిపడుతుందా అన్నది మాత్రం విడిగా ఆలోచించవలసిన విషయం. చక్కెర పండును కాపాడుతుంది గాని రోగిని కాపాడదు. ఈ ఒక్క మాట గుర్తుంచుకుంటే ఇంట్లో జామ్ నిశ్చింతగా చేసుకోవచ్చు.

షేక్‌పేట నుండి టోలీచౌకి వైపు, ఫిలింనగర్ వైపు వెళ్ళే దారుల్లో తోపుడు బండ్లను చూస్తే ఏ కాలమో తెలిసిపోతుంది. వేసవిలో మామిడి, తొలకరికి నేరేడు, దసరా దీపావళి రోజుల్లో సీతాఫలం, చలికాలంలో జామ, సంక్రాంతి దాటాక ద్రాక్ష. కాలంలో దొరికే పండు చవక, రుచి కూడా ఎక్కువ. దానిని దాచుకోవడం మన పెద్దలకు కొత్త కాదు. ఆవకాయ, మాగాయ, ఒరుగులు, ఉసిరి మురబ్బా, ఆత్రేయపురం, భీమాలి మామిడి తాండ్ర, ఇవన్నీ ఆ తెలివితో పుట్టినవే. సమృద్ధి సంవత్సరాలలో ధాన్యం కొట్లలో దాచి, కరువులో ఐగుప్తు ప్రజలను ఆదుకున్న యోసేపు కథ బైబిలులో చదువుతాం. దేవుడిచ్చిన దానిని పాడుచేయకుండా పదిలపరచడం మంచి గృహస్థు లక్షణం.

పండు ఎందుకు చెడుతుంది?

గాలిలో, చేతులమీద, పండు తొక్కమీద కంటికి కనిపించని సూక్ష్మజీవులు ఉంటాయి. అవి పెరగాలంటే నీరు కావాలి. దోసకాయ ముక్కల మీద ఉప్పు చల్లితే నీరు ఊరడం మీరు చూసే ఉంటారు. జామ్‌లోని చక్కెర కూడా అంతే. పండులోని నీటిని తనవైపు పట్టి ఉంచుతుంది, సూక్ష్మజీవులకు అందనివ్వదు. మన దేశ ఆహార ప్రమాణాల ప్రకారం బజారులో అమ్మే జామ్‌లో కరిగిన ఘనపదార్థం కనీసం 65 శాతం ఉండాలి. అందులో ఎక్కువ భాగం చక్కెరే. పులుపు రెండవ కాపలాదారు. అందుకే నిమ్మరసం వేస్తాం. వేడి మూడవది. ఈ మూడింటిలో ఏది తగ్గినా సీసా ఎక్కువ కాలం నిలవదు.

జామపండ్లతో జామ్ చేసే పద్ధతి

మొదటిసారి చేసేవారికి జామపండే సులువు. గట్టిపడే గుణమున్న పెక్టిన్ దానిలో సహజంగానే ఎక్కువ.

1. దెబ్బలు, బూజు లేని పండ్లు కిలోన్నర తీసుకోండి. ముప్పాతిక వంతు పండినవి, మిగిలినవి దోరవి ఉంటే మంచిది. బాగా కడిగి ముక్కలు కోయండి.
2. ముక్కలు మునిగేటంత నీరు పోసి మెత్తబడే దాకా ఉడికించండి. జల్లెడలో రుద్ది గింజలు తీసేయండి.
3. గుజ్జును తూచండి. కిలో గుజ్జుకు 750 గ్రాముల చక్కెర, రెండు నిమ్మకాయల రసం కలపండి.
4. అడుగు మందంగా ఉన్న స్టీలు గిన్నెలో కలుపుతూ ఉడికించండి. అల్యూమినియం, కళాయి లేని ఇత్తడి గిన్నెలు వాడవద్దు. పులుపుకు ఆ లోహాలు కరిగి జామ్‌లో కలుస్తాయి.
5. గరిటెతో తీసి కొంచెం చల్లార్చి వంచితే చుక్కలుగా కారకుండా పొరలా జారాలి. తూకం చూస్తే మొత్తం సుమారు 1 కిలో 250 గ్రాములకు దిగి ఉంటుంది.
6. గాజు సీసాలను, మూతలను ముందే నీళ్ళలో పది నిమిషాలు మరిగించి, తడి లేకుండా ఆరబెట్టి ఉంచండి. జామ్ వేడిగా ఉండగానే నింపి మూత బిగించండి.

తెరిచిన సీసాను ఫ్రిజ్‌లో పెట్టండి. తడి చెంచా, ఎంగిలి చెంచా ముంచవద్దు. ఒక నెలలో వాడేయండి. చిన్న సీసాలలో నింపుకుంటే ఈ ఇబ్బందే ఉండదు.

అన్ని పండ్లూ ఒకటి కాదు

బొప్పాయి, అరటి, సపోటాలో పులుపు తక్కువ. వీటితో జామ్ చేస్తే నిమ్మరసం తప్పనిసరి. బాగా మాగిన మామిడికి కూడా వేయండి. సీతాఫలం గుజ్జును వేడిచేస్తే చేదెక్కుతుంది కాబట్టి జామ్‌కు పనికిరాదు. గింజలు తీసి చిన్న డబ్బాలలో పెట్టి ఫ్రీజర్‌లో గడ్డకట్టించుకోవచ్చు. ఆ గింజలను మిక్సీలో పడనివ్వవద్దు. వాటిలో విషపదార్థం ఉంది, పొడి కంట్లో పడితే ప్రమాదం.

జామపండు 100 గ్రాములలో సుమారు 200 మిల్లీగ్రాముల సి విటమిన్ ఉంటుంది. ఉడికిస్తే దానిలో కొంత పోతుంది. కాబట్టి జామ్ తింటే పండు తిన్నట్టే అనుకోవద్దు. కాలంలో పచ్చి పండు తినడమే మేలు, మిగిలినదే సీసాకు.

ఎవరు జాగ్రత్తపడాలి?

షుగర్ వ్యాధి ఉన్నవారు: రెండు బ్రెడ్డు ముక్కలకు ఒక పెద్ద చెంచా, అంటే 20 గ్రాముల జామ్ పూస్తే సుమారు 13 గ్రాముల చక్కెర లోపలికి వెళుతుంది. చేర్చిన చక్కెర రోజుకు 25 గ్రాములు మించకుంటే మంచిదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో ఆరోగ్యవంతులకే చెప్పింది. "బెల్లంతో చేశాం, తేనెతో చేశాం, పర్వాలేదు" అనే మాట తరచు వింటాం. అది పొరపాటు. బెల్లం, తేనె కూడా రక్తంలో చక్కెరను పెంచుతాయి. చక్కెర బాగా తగ్గించి చేసిన జామ్ అయితే బయట నిలవ ఉండదు.

అయితే ఇన్సులిన్ లేదా షుగర్ మాత్రలు వాడేవారికి ఒక్కోసారి చక్కెర పడిపోతుంది. చెమటలు, వణుకు, తికమక కనిపిస్తాయి. స్పృహ ఉంటే మూడు చెంచాల చక్కెర నీళ్ళలో కలిపి వెంటనే తాగించండి. అది అందుబాటులో లేకపోతే పెద్ద చెంచా జామ్ అయినా తినిపించండి. 15 నిమిషాలకు తేరుకోకపోతే మళ్ళీ ఇవ్వండి. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పెట్టవద్దు. 108కి ఫోన్ చేయండి.

మూత్రపిండాల జబ్బు ఉన్నవారు: తాండ్రలో, ఎండబెట్టిన పండ్లలో పొటాషియం చిక్కబడి ఉంటుంది. డయాలసిస్ చేయించుకునేవారు డాక్టరును అడగకుండా తినవద్దు.

బి.పి., గుండె జబ్బు ఉన్నవారు: జామ్ కన్నా ఊరగాయతో ఎక్కువ జాగ్రత్త అవసరం. రోజంతటికీ ఉప్పు 5 గ్రాములు దాటకూడదు.

క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు: తెల్ల రక్తకణాలు తగ్గిన రోజులలో ఇంటి నిలవ పదార్థాలు ఇచ్చేముందు వార్డు నర్సును అడగండి.

పసిపిల్లలు: ఏడాది నిండని బిడ్డకు తేనె నాకించవద్దు. రెండేళ్ళు నిండేవరకు జామ్ అలవాటు చేయవద్దు.

ఈ గుర్తులు కనిపిస్తే పారవేయండి

బూజు, నురగ, సారా వాసన, ఉబ్బిన మూత – వీటిలో ఏది కనిపించినా సీసా మొత్తం పారవేయాలి. "పైపొర తీసేస్తే కింద బాగానే ఉంటుంది" అనుకోవద్దు. బూజు వేళ్ళు, దాని విషం కంటికి కనిపించే చోటు దాటి లోపలికి పోతాయి. రుచి చూసి తేల్చుకుందామని కూడా నాలుకమీద పెట్టవద్దు. వంద రూపాయల చక్కెర పోయినా ఫరవాలేదు.

ఈసారి ఆసుపత్రికి జామ్ తెస్తే, మంచం పక్కన పెట్టే ముందు నర్సుకు చూపించండి. ఏ పండుతో చేశారో, చక్కెర ఎంత వేశారో, ఏ తేదీన చేశారో సీసా మీద చీటీ అంటించండి. రోగికి కుదరదంటే నొచ్చుకోవద్దు. రాత్రంతా మేలుకుని పక్కన కూర్చునే మీకూ పొద్దున్నే రెండు బ్రెడ్డు ముక్కలు తినవలసిన అవసరం ఉంది. మీరు నీరసించి పడిపోతే రోగిని చూసేదెవరు? ఆ సీసాను మీకోసం ఉంచుకోండి. రోగి కోలుకుని ఇంటికి వచ్చాక డాక్టరు సరేనంటే, వచ్చే కాలపు పండ్లతో ఇంటిల్లిపాదీ కలిసి దేవునికి కృతజ్ఞతలు చెప్పి కొత్త సీసా తెరవండి.