‘సైకిల్ రెగ్యులేటర్’ కథ

రండర్రా పిల్లలూ, అందరూ కూర్చోండి. మగపిల్లలు లేచి వెళ్లక్కర్లేదు, ఇది మీకూ తెలియాల్సిందే. మీరు పుట్టి పెరుగుతున్న ఈ ఐర్లండ్‌లో ఒకప్పుడు ఒక మాత్ర మారుపేరుతో తిరిగింది. ఆ పేరు ‘సైకిల్ రెగ్యులేటర్’. నెలసరిని గాడిలో పెట్టే మందు అన్నమాట.

1935లో ఇక్కడ చేసిన చట్టం గర్భనిరోధక సాధనాలు అమ్మకూడదు, బయటినుంచి తెప్పించకూడదు అంది. 1960ల్లో పిల్ అనే గర్భనిరోధక మాత్ర వచ్చింది. గర్భం రాకుండా అంటే అమ్మడానికి వీల్లేదు. నెలసరి సరిగా రావడం లేదంటే మాత్రం అది మందు, చట్టం అడ్డు రాదు. దాంతో డాక్టర్లు చీటీ మీద రెండో కారణమే రాసేవారు. నిజంగా రక్తస్రావం ఎక్కువై బాధపడేవాళ్లూ, ఇక కాన్పులు చాలనుకున్న తల్లులూ ఒకే మాత్ర తీసుకునేవారు.

మరి ఆ మాత్ర నిజంగా నెలసరిని గాడిలో పెట్టేదా? అది తేల్చాలంటే నెలసరి తనంతట తాను ఎలా నడుస్తుందో తెలియాలి.

మెదడు అడుగున హైపోథాలమస్ అని ఒక చిన్న భాగం ఉంది. అది గంటకో గంటన్నరకో ఒకసారి ఒక హార్మోనును కొద్దికొద్దిగా వదులుతుంది. దాన్ని అందుకుని, కిందే ఉన్న పిట్యూటరీ గ్రంథి ఎఫ్‌ఎస్‌హెచ్, ఎల్‌హెచ్ అనే రెండు హార్మోన్లను రక్తంలోకి పంపుతుంది. ఎఫ్‌ఎస్‌హెచ్ అందగానే అండాశయంలో కొన్ని అండాల సంచులు పెరగడం మొదలెడతాయి. చివరికి ఒకటే మిగులుతుంది, తక్కినవి కుంచించుకుపోతాయి. పెరిగే ఆ సంచి ఈస్ట్రోజెన్ తయారుచేస్తుంది. ఈస్ట్రోజెన్ వల్ల గర్భాశయం లోపలి పొర మందమెక్కుతుంది.

మన ఊళ్లో మేడ మీద ట్యాంకు నిండగానే మోటారు దానంతటదే ఆగిపోతుంది కదా. ఇక్కడా అంతే, ఈస్ట్రోజెన్ పెరిగేకొద్దీ పిట్యూటరీ తన పని తగ్గించుకుంటుంది. అసలు అద్భుతం ఆ తర్వాత ఉంది. ట్యాంకు అంచుదాకా నిండి, రెండు రోజులు అలాగే నిలిచిందనుకోండి. ఆగాల్సిన మోటారు ఒక్కసారిగా పూర్తి వేగంతో తిరుగుతుంది! ఎల్‌హెచ్ అమాంతం పెరుగుతుంది. అలా పెరగడం మొదలైన 36 గంటల ప్రాంతంలో అండం విడుదలవుతుంది. మొన్నటిదాకా వద్దన్న హార్మోనే, ఒక హద్దు దాటాక కానిమ్మంటుంది. శరీరశాస్త్రంలో నన్ను ఇంతగా అబ్బురపరిచిన సంగతి ఇంకొకటి లేదు.

అండం వెళ్లిపోయాక మిగిలిన సంచి పసుపు రంగుకు తిరిగి ప్రొజెస్టిరాన్ ఇస్తుంది. ఆ రోజుల్లో ఒంటి వేడి సెల్సియస్‌లో అర డిగ్రీ దాకా పెరగడం దీని చలవే. ఈ సంచికి ఆయుష్షు సుమారు 14 రోజులు. గర్భం నిలిస్తే పిండం వైపు నుంచి హెచ్‌సీజీ అనే హార్మోను వచ్చి దాన్ని బతికిస్తుంది, నెల తప్పుతుంది. నిలవకపోతే ప్రొజెస్టిరాన్ పడిపోతుంది. పొరలో ప్రోస్టాగ్లాండిన్లు అనే రసాయనాలు పెరుగుతాయి, రక్తనాళాలు బిగుసుకుంటాయి, గర్భాశయ కండరం పట్టి పట్టి పిండుతుంది, పొర ఊడి బయటికొస్తుంది. పొత్తికడుపు నొప్పి అక్కడిదే. ‘అందరికీ ఉండేదేగా’ అని ఆడపిల్ల నోరు మూయించకండి. పరీక్షల దిగులుకో, జబ్బుకో అండం విడుదల ఆలస్యమైతే డేట్ కూడా అంత వెనక్కి జరుగుతుంది.

ఇక ఆ మాత్ర సంగతి. అందులో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్‌ల వంటివి రెండూ ఉంటాయి. రోజూ బయటినుంచి అవి అందుతుంటే పిట్యూటరీ ఊరుకుండిపోతుంది. ఎల్‌హెచ్ పెరగదు, అండం విడుదల కాదు. 21 రోజులు వేసుకుని 7 రోజులు ఆపితే, హార్మోన్లు తగ్గి రక్తస్రావం వస్తుంది. అంటే మాత్ర చక్రాన్ని సరిచేయలేదు, ఆపేసింది. తేదీ మాత్రం క్యాలెండర్‌కు సరిపోయేది.

ఆ చాటు వ్యవహారం ఇష్టపడని ఆడవాళ్లు 1971 మే 22న డబ్లిన్‌లో రైలెక్కి, ఆ చట్టం వర్తించని బెల్‌ఫాస్ట్ వెళ్లారు. నెల్ మెక్‌కాఫర్టీ, మేరీ కెన్నీ వంటి పాత్రికేయులు అందులో ఉన్నారు. అక్కడ కూడా డాక్టరు చీటీ లేకుండా పిల్ ఇవ్వరని తెలిసి ఆస్పిరిన్ మాత్రలు కొన్నారు. తిరిగొచ్చాక కస్టమ్స్ వాళ్ల ముందు అవే పిల్స్ అన్నట్టు చూపించారు. తేడా చెప్పగలిగినవాళ్లు అక్కడ లేరు! 1973లో మేరీ మెగీ అనే తల్లి సుప్రీంకోర్టులో గెలిచింది. భార్యాభర్తలు సొంతానికి తెప్పించుకునే గర్భనిరోధక సాధనాలను ఆపే హక్కు ప్రభుత్వానికి లేదని కోర్టు తేల్చింది. 1979లో చట్టం మారింది. ఇప్పుడు 17 నుంచి 35 ఏళ్ల ఆడవాళ్లకు ఆ మాత్రలు ప్రభుత్వమే ఉచితంగా ఇస్తోంది.

మన ఇళ్లలోనూ తేదీ మార్చే మాత్ర ఒకటుంది. తిరుపతి ప్రయాణమో, పెళ్లో, వ్రతమో ఉంటే వేసుకునే నోరెథిస్టిరాన్. అది ప్రొజెస్టిరాన్ జాతిది. వేసుకున్నన్నాళ్లూ పొర ఊడదు, ఆపిన రెండు మూడు రోజులకు నెలసరి వస్తుంది. ఇండియా నుంచి సూట్‌కేసులో తెచ్చుకున్న స్ట్రిప్పును అక్క నుంచి చెల్లికి ఇవ్వడం నాకు బొత్తిగా నచ్చదు. లోగడ కాళ్లలోనో ఊపిరితిత్తుల్లోనో రక్తం గడ్డకట్టినవాళ్లకు అది ప్రమాదం. డాక్టరుకు చెప్పకుండా ముట్టుకోకండి.

తల్లులకు ఒక మాట. పెద్దవాళ్లలో 21 రోజులకన్నా ముందో 35 దాటాకో పదేపదే వస్తున్నా, మూడు నెలలు రాకపోయినా, తేదీ సరిపెట్టుకుని ఊరుకోవద్దు. థైరాయిడ్ కావచ్చు, పీసీఓఎస్ కావచ్చు, ప్రొలాక్టిన్ పెరగడం కావచ్చు. జీపీ దగ్గరికి వెళ్లి ముందు కారణం కనుక్కోండి, మాత్ర సంగతి తర్వాత చూద్దురుగాని.