మీట ఉంది.. మాట లేదు!

బళ్లారి బజారులో చూపులేని ఓ తెలుగాయన కిరాణా కొట్టులో రూ.240 కట్టాలనుకుందాం. ఫోన్‌లో చెల్లింపుల యాప్ తెరిచారు. తెర మీద వేలు జరుపుతుంటే ఫోన్ ఒక్కో మీట పేరూ చదివి వినిపించాలి. 'అన్‌లేబుల్డ్ బటన్' అంది. మళ్లీ జరిపారు.. మళ్లీ 'అన్‌లేబుల్డ్ బటన్'. ఈ రెండింటిలో ఏది 'పంపు', ఏది 'రద్దు'? 'ఏమైందన్నా, డబ్బులు పడ్డాయా?' అని కొట్టతను అడుగుతున్నాడు. ఫోన్ అతని చేతికివ్వడం తప్ప దారి లేదు. ఫోన్‌తో పాటు రహస్య నంబరు కూడా!

తెరను చదివి వినిపించే ఏర్పాటు కొత్తదేమీ కాదు. ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్, ఆండ్రాయిడ్‌లో టాక్‌బ్యాక్ 2009 నుంచే ఉన్నాయి. చిక్కంతా యాప్ తయారీలో వస్తోంది. మీటకు బొమ్మ పెడతారు, పేరు పెట్టడం మరిచిపోతారు. పేరు లేనిదాన్ని ఫోన్ మాత్రం ఏమని చదువుతుంది? 2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో చూపు లోపమున్నవారు దాదాపు 50 లక్షలు. వయసుతో చూపు మందగించినవారినీ, చేతులు వణికేవారినీ కలుపుకుంటే ఇది కొందరి సమస్య అనలేం.

యంత్రం పట్టేది కొంతే

ఇలాంటి లోపాలు వెతకడానికి ఉచిత సాధనాలున్నాయి. గూగుల్ వారి 'యాక్సెసిబిలిటీ స్కానర్'ను ప్లేస్టోర్ నుంచి ఎవరైనా దించుకోవచ్చు. తెరను పరిశీలించి, తేడా ఉన్నచోట గడి కట్టి చూపిస్తుంది. పేరు లేని మీటలు, వేలికి అందనంత చిన్న మీటలు, తెల్లటి తెరపై లేత బూడిదరంగు అక్షరాలు దానికి ఇట్టే దొరుకుతాయి. మీట కనీసం 48 డీపీ, అంటే దాదాపు 9 మిల్లీమీటర్లు ఉండాలన్నది ఆండ్రాయిడ్ లెక్క. మామూలు అక్షరాలకూ వెనక రంగుకూ మధ్య తేడా 4.5:1కి తగ్గకూడదన్నది అంతర్జాతీయ ప్రమాణం. ఐఫోన్ యాప్‌లకైతే ఎక్స్‌కోడ్‌లోని 'యాక్సెసిబిలిటీ ఇన్‌స్పెక్టర్' ఈ పని చేస్తుంది. యాప్ మార్చిన ప్రతిసారీ ఈ తనిఖీ దానంతటదే జరిగేలా కూడా రాసుకోవచ్చు.

అంతటితో పని అయిపోయిందనుకుంటేనే ప్రమాదం. మీటకు పేరుందో లేదో యంత్రం చెబుతుంది. ఉన్న పేరు సరైనదో కాదో దానికి తెలియదు. 'పంపు' మీటకు పొరపాటున 'వెనక్కి' అని రాసినా పాసే! 2017లో బ్రిటన్ ప్రభుత్వ డిజిటల్ విభాగం కావాలనే నూటికి పైగా లోపాలు పెట్టి ఓ వెబ్ పేజీ తయారుచేసి సాధనాలకు పరీక్ష పెట్టింది. అన్నిటికన్నా మెరుగైనది కూడా పట్టుకున్నవి నలభై శాతం దరిదాపుల్లోనే.

తెర చీకటి చేసి చూస్తే..

మిగిలినవి మనిషే పట్టాలి. దీనికి ఖరీదైన సామాను అక్కర్లేదు. ఫోన్ సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీలోకి వెళ్లి టాక్‌బ్యాక్ ఆన్ చేయాలి. ఒకసారి తాకితే చదువుతుంది, రెండుసార్లు తడితే పనిచేస్తుంది. వేలితో కుడివైపు తోస్తే తర్వాతి అంశానికి వెళ్తుంది. (ఆపడమెలాగో ముందే నేర్చుకోండి. లేకుంటే తిప్పలే!) ఐఫోన్‌లో వాయిస్‌ఓవర్ ఆన్‌లో ఉండగా మూడు వేళ్లతో మూడుసార్లు తడితే తెర నల్లబడుతుంది, మాట మాత్రం వినిపిస్తుంది. అలా చూడకుండా, యాప్ తెరవడం దగ్గర్నుంచి రసీదు వచ్చేదాకా ఒక చెల్లింపు పూర్తిచేయగలగాలి.

అప్పుడు బయటపడతాయి అసలు సంగతులు. చెల్లింపు అయ్యాక తెరపై పచ్చటి టిక్కు మెరుస్తుంది, ఫోన్ మాత్రం నోరు మెదపదు. డబ్బు వెళ్లిందో లేదో తెలియక రెండోసారి కట్టేవాళ్లుంటారు. ఓటీపీ కోసం సందేశాల్లోకి వెళ్లి, విని, తిరిగొచ్చేసరికి గడువు దాటిపోతుంది. ఎంత మొత్తమన్నది 'పంపు' మీట తర్వాత ఎక్కడో చదువుతుంది. ఇవేవీ గడి కట్టి చూపేవి కావు.

ఒత్తు తెగితే అర్థం గోవిందా

సరిహద్దు ఇవతలి తెలుగువారికి మరో చిక్కుంది. కోలారు, హోసూరు, బరంపురం వైపు చాలామంది చదువుకున్నది కన్నడమో, తమిళమో, ఒడియానో. తెలుగు ఇంటి మాట. లిపి రాకపోయినా వింటే తెలుస్తుంది. అందుకే చదివి వినిపించే ఫోన్ చూపున్నవారికీ అక్కరకొస్తుంది. కానీ యాప్‌లో తెలుగు ఎంచుకుని, ఫోన్ గొంతు ఇంగ్లిషులోనే ఉంచితే తెలుగు మాటల్ని మింగేయవచ్చు. 'టెక్స్ట్ టు స్పీచ్' సెట్టింగులో గొంతును కూడా తెలుగుకు మార్చాలి. పరీక్షించేవాళ్లు చాలాసార్లు ఇంగ్లిషులో చూసి ఊరుకుంటారు.

అక్షరాలు పెద్దవి చేసినప్పుడు ఇంకో తంటా. ఇంగ్లిషు అక్షరాల ఎత్తుకు కొలిచిన పెట్టెలో తెలుగు పెడితే కింది ఒత్తులు తెగిపోతాయి. 'రద్దు' కాస్తా 'రదు' అవుతుంది. కన్నడానికీ ఇదే గతి. ఒత్తు తెగిన సంగతి ఆ భాష చదివే కన్నే పట్టాలి.

పరీక్షలో వాళ్లూ ఉండాల్సిందే

2025 ఏప్రిల్ 30న సుప్రీంకోర్టు ఈ విషయంలో గట్టి తీర్పే ఇచ్చింది. యాసిడ్ దాడి బాధితులు, చూపులేనివారు వేసిన పిటిషన్లవి. కేవైసీ కోసం కెమెరా ముందు కన్ను ఆర్పమంటే, ఆర్పలేనివారు బ్యాంకు ఖాతా తెరవడమెలా అన్నది ప్రశ్న. డిజిటల్ సేవలు పొందడం రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనని జస్టిస్ జె.బి.పార్దీవాలా, జస్టిస్ ఆర్.మహదేవన్‌ల ధర్మాసనం చెప్పి, 20 ఆదేశాలిచ్చింది. అర్హులైన నిపుణులతో ఎప్పటికప్పుడు తనిఖీ చేయించాలనీ, యాప్ తయారీలోనూ, కొత్త సదుపాయం తెచ్చేటప్పుడూ చూపులేనివారితో వాడించి చూడాలనీ అందులో ఉంది. అంటే స్కానర్ నివేదిక ఒక్కటి చూపి తప్పించుకోవడం కుదరదు.

2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టం కింద రాష్ట్రానికో కమిషనర్ ఉంటారు. హోసూరువాసి తమిళనాడు కమిషనర్‌కు, బళ్లారి, కోలారు వారు కర్ణాటక కమిషనర్‌కు, యానాం వారు పుదుచ్చేరి కమిషనర్‌కు ఫిర్యాదు చేసుకోవచ్చు. ముందు యాప్ వారికి రాయడం మేలు. 'యాప్ పనిచేయడం లేదు' అని ఊరుకోకుండా ఫోన్ మోడల్, యాప్ వెర్షన్, ఏ తెర మీద ఏ మీట దగ్గర ఫోన్ ఏమని చదివింది, ఏమని చదవాల్సింది అన్నవి రాయాలి. వీడియో తీసి పంపితే ఇంకా మంచిది. అందులో రహస్య నంబరు కనబడకుండా, వినబడకుండా చూసుకోవాలి.