మదర్‌బోర్డు కొనబోయే ముందు

సావనీరుకు ఏదైనా వ్రాసి ఇమ్మని సంపాదక మిత్రుడు నా గదికి వచ్చినప్పుడు, కవిత్వం మాత్రం వద్దని ముందే చెప్పాడు. ఇప్పటికే కావలసినంత వచ్చిందట. "హాస్టల్లో అందరూ నిన్ను అడిగేదే వ్రాయరాదూ?" అన్నాడు. నన్ను అందరూ అడిగేది ఒక్కటే. గేమింగ్ కంప్యూటరు కట్టించుకోవాలి, మదర్‌బోర్డు ఏది తీసుకోమంటావు అని. మెస్‌లో అన్నం కలుపుకుంటూ అడుగుతారు, పరీక్ష హాలు బయట అడుగుతారు. ఒక్కొక్కరికి ఒక్కొక్క ముక్క చెప్పి విసిగిపోయాను కనుక, అందరికీ కలిపి ఇక్కడ చెబుతాను.

మదర్‌బోర్డును తెలుగులో "తల్లిపలక" అనాలని మా తెలుగు శాఖ మిత్రుడొకడు పట్టుబడతాడు. దుకాణంలో అలా అడిగితే బలపాలు కూడా కావాలా అంటారేమోనని భయం. మదర్‌బోర్డు అనే అందాం.

2024 జనవరిలో నా గది మిత్రునితో కలిసి ఈ పని మీదే ఆబిడ్స్ వెళ్ళాను. వాళ్ళ నాన్నగారు పత్తి అమ్మిన డబ్బులోంచి 70 వేలు చేతికిచ్చి, "చదువుకే గదరా" అన్నారట. వీడు "చదువుకే నాన్నా" అన్నాడట. సగం నిజం. ప్రాజెక్టు పనికీ అదే కంప్యూటరు, రాత్రి పన్నెండు దాటాక ఆటలకూ అదే. మానిటరు పాతదుంది. ఆ 70 వేలల్లో మిగతావన్నీ రావాలి. తప్పు కొంటే మళ్ళీ ఇంకో పత్తి పంట దాకా అడిగే మొహం లేదు.

కంప్యూటర్ల బజారంటే సికిందరాబాదు పార్క్ లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటరే అందరి నోటా వస్తుంది. మేము ఆబిడ్స్, నాంపల్లి వైపు వెళ్ళడానికి కారణం, వాడి బాబాయికి నాంపల్లిలో తెలిసిన దుకాణం ఉండటం. ముందు ఆబిడ్స్‌లో ధరలు కనుక్కుని ఆ తర్వాత బాబాయి మనిషి దగ్గరికి వెళదామని మా పథకం.

ఆబిడ్స్‌లో మొదటి దుకాణంలోనే మావాడి కళ్ళు చెదిరాయి. అద్దాల వెనుక ఒక బోర్డు, వెండి రంగు పలకలు, అంచున దీపాలు. ధర 26 వేలు. "గేమింగుకు జెడ్790 బోర్డే తీస్కో తమ్మీ, దాని తాకత్ వేరే ఉంటది" అన్నాడు కౌంటరు మీది అన్న. మావాడు అప్పటికే సంచి చాచాడు. నేను చొక్కా పట్టుకుని బయటికి లాగాను.

బయట టీ తాగుతూ ఒక చీటీ మీద లెక్క వేశాం. ఇంటెల్ ఐ5-12400ఎఫ్ ప్రాసెసరు 13 వేలు. ర్యామ్ 16 జీబీ మూడున్నర వేలు. ఒక టీబీ ఎస్ఎస్‌డీ నాలుగున్నర వేలు. పవర్ సప్లై నాలుగున్నర, క్యాబినెట్ నాలుగున్నర. మొత్తం 30 వేలు. మిగిలిన 40 వేలల్లో మదర్‌బోర్డూ, గ్రాఫిక్స్ కార్డూ రావాలి. 26 వేలు బోర్డుకే పోస్తే కార్డుకు మిగిలేది 14 వేలు. దానికి వచ్చేది నాలుగైదేళ్ళ నాటి పాత తరం కార్డు. 11 వేల బోర్డు తీసుకుంటే 29 వేలతో అప్పటికి కొత్తదైన ఆర్‌టీఎక్స్ 4060 వస్తుంది. ఆట తెర మీద ఎంత సాఫీగా కదులుతుందన్నది ముఖ్యంగా గ్రాఫిక్స్ కార్డు చేతిలోనూ, తర్వాత ప్రాసెసరు చేతిలోనూ ఉంటుంది. అవే రెండింటిని 11 వేల బోర్డు మీద పెట్టినా, 26 వేల బోర్డు మీద పెట్టినా, విడిగా వేగం పెంచే కసరత్తులేవీ చేయనంత వరకు తేడా కంటికి ఆనదు. మదర్‌బోర్డు దానంతట అది వేగాన్ని పుట్టించదు.

"మరి అది చేసేదేంటి?" అని అడిగాడు మావాడు. అప్పటికి నాంపల్లి వైపు నడక మొదలుపెట్టాం. ఎదురుగా నుమాయిష్ జనం. జనవరి కదా! 1938లో ఉస్మానియా పట్టభద్రులు బాగె-ఆమ్‌లో మొదలుపెట్టిన ఆ ప్రదర్శన, 1946 నుంచి ఎగ్జిబిషన్ మైదానంలో జరుగుతోంది. నేను ఆ మైదానాన్నే చూపించాను. కాశ్మీరు శాలువాల వాడు వస్తాడు, హలీం వాడు వస్తాడు, తిరిగే చక్రం వాడు వస్తాడు. నెలన్నర తర్వాత అందరూ వెళ్ళిపోతారు. మైదానం ఉంటుంది. ఏ దుకాణం ఎక్కడ, ఏ దారి ఎంత వెడల్పు, ఎవరికి ఎంత కరెంటు, ఏ గేటు ఎవరికి అన్నది ఆ మైదానం ఏర్పాటు. దారి ఇరుకైతే ఎంత మంచి సరుకున్న దుకాణమైనా ఏం లాభం? మదర్‌బోర్డు చేసేది అచ్చంగా ఈ పనే.

ముందుగా చూడవలసింది సాకెట్టు, అంటే ప్రాసెసరు కూర్చునే పీట. మేము అనుకున్న 12400ఎఫ్‌కు ఎల్‌జీఏ 1700 సాకెట్టు కావాలి. ఏఎండీ వారి రైజెన్ 7000, 9000 వరుసలకు ఏఎం5. ఒకదానిది ఇంకొకదానికి పట్టదు, బలవంతం చేస్తే విరుగుతుంది. దాని తర్వాత చిప్‌సెట్టు. ఎల్‌జీఏ 1700లో హెచ్610 చవక, బి760 నడిమిది, జెడ్790 ఖరీదు. ప్రాసెసరును కంపెనీ ఇచ్చిన వేగం కంటే మించి పరుగెత్తించే వీలు జెడ్ వరుసకే ఇచ్చారు. అదీ పేరు చివర కె అనే అక్షరం ఉన్న ప్రాసెసర్లకే. మా 12400ఎఫ్‌కు కె లేదు. అంటే ఆ దీపాల బోర్డులో 26 వేలకు కొనే ముఖ్యమైన సౌకర్యాన్ని మావాడు ఒక్కరోజు కూడా వాడుకోలేడన్నమాట! హెచ్610లో ర్యామ్ వేగాన్ని పెంచే వీలు కూడా ఉండదు, పైగా ర్యామ్‌కు సాధారణంగా రెండే గాళ్ళు. బి760లో ర్యామ్ వేగం పెంచుకోవచ్చు. మాకు అది చాలు.

చివరనున్న ఎఫ్ సంగతి కూడా చెప్పాలి. ఎఫ్ ఉంటే ప్రాసెసరులో సొంత బొమ్మల యంత్రం లేదని అర్థం. మానిటరు తీగను బోర్డు వెనుక గుచ్చితే తెర నల్లగానే ఉంటుంది. కార్డు వెనుకే గుచ్చాలి. ఈ ఒక్క విషయం తెలియక బోర్డు పాడైందని రిపేరుకు తీసుకుపోయినవాళ్ళు మా వింగ్‌లోనే ఇద్దరున్నారు.

ఇక అసలు సంగతి, దుకాణాల్లో ఎవరూ చెప్పనిది, కరెంటు. పవర్ సప్లై నుంచి ప్రాసెసరు కోసం బోర్డుకు వచ్చేది 12 వోల్టులు. ప్రాసెసరుకు కావలసింది ఇంచుమించు 1.2 వోల్టు. దించే పని సాకెట్టు పక్కన వరుసగా ఉండే చిన్న చిన్న భాగాలది. దాన్ని వీఆర్ఎం అంటారు. 12400ఎఫ్ ఊపందుకున్నప్పుడు 117 వాట్ల దాకా తీసుకోవచ్చు. 1.2తో భాగించండి, దగ్గర దగ్గర 100 ఆంపియర్లు! ఇంట్లో ఒకటిన్నర టన్నుల ఏసీ ఏడెనిమిది ఆంపియర్లు లాగితేనే మనం మీటరు వంక చూస్తాం. అంత ప్రవాహాన్ని అరచేయంత చోటులో నడపాలంటే వేడెక్కక ఏమవుతుంది? నాంపల్లి స్టేషన్లో ఒకే బరువును నలుగురు హమాలీలు మోస్తే ఒక అలసట, ఎనిమిది మంది మోస్తే ఒక అలసట. వీఆర్ఎంలో ఈ మోసేవాళ్ళనే ఫేజులంటారు. వాటి మీద లోహపు దిమ్మ ఉండాలి, వేడిని గాలికి అప్పగించడానికి. చవక బోర్డుల్లో అది ఉండదు. వేడి మితిమీరితే బోర్డు ప్రాసెసరు వేగాన్ని తగ్గించేస్తుంది. పైకప్పు కింది గదిలో, మే నెలలో, బయట 40 డిగ్రీలు దాటినప్పుడు ఆట ఒక్కసారిగా తడబడితే, ఆ నేరం ఎప్పుడూ కార్డుదే కాదు సుమా. కాబట్టి దీపాలను కాదు, ఆ దిమ్మను చూడండి. ఉత్త రేకు తొడుగా, బరువైన లోహమా అన్నది పట్టుకుంటే తెలుస్తుంది. 253 వాట్ల దాకా తాగే ఐ9-14900కె లాంటిది పెట్టేవాళ్ళకు పెద్ద బోర్డు అవసరమే. వాళ్ళు ఈ వ్యాసం చదవనక్కరలేదు.

కొలతల గురించి రెండు ముక్కలు. ఏటీఎక్స్ అంటే 305 బై 244 మిల్లీమీటర్లు, మైక్రో ఏటీఎక్స్ 244 బై 244, మినీ ఐటీఎక్స్ 170 బై 170. ఇంటెల్ 1995లో తెచ్చిన ఏటీఎక్స్ పద్ధతి ఇంకా నడుస్తోంది గనుకనే ఏ కంపెనీ బోర్డైనా ఏ కంపెనీ డబ్బాలోనైనా మరలు కలిసి కూర్చుంటుంది. ఒక్క కార్డు పెట్టేవాడికి మైక్రో చాలు. ర్యామ్ విషయంలో మాత్రం జాగ్రత్త. ఎల్‌జీఏ 1700 బోర్డుల్లో డీడీఆర్4వి వేరు, డీడీఆర్5వి వేరు, గాటు ఉన్న చోటే మారిపోతుంది. ఏఎం5లో డీడీఆర్5 ఒక్కటే. నాలుగు గాళ్ళుండి రెండే ర్యామ్‌లుంటే, ప్రాసెసరు వైపు నుంచి రెండోదాంట్లో, నాలుగోదాంట్లో పెట్టాలి. పక్కపక్కన పెట్టారంటే సగం దారి మూసుకున్నట్టే.

బాబాయి మనిషి దుకాణం నాంపల్లిలో ఒక మెట్ల కింద ఉంది. పెద్దాయన. బి760, డీడీఆర్4, దిమ్మలున్న మైక్రో బోర్డు 11 వేలకు తీశాడు. పెట్టె మీద మూత ముద్ర కోయబోతుంటే నేను, "చాచా, తెరిచి సాకెట్టు చూపించండి" అన్నాను. "పైక్ పీస్ బేటా, నమ్మకం లేదా?" అన్నాడు. నమ్మకం గురించి కాదు. నా కథ వేరు.

ఆదివారం ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత పుస్తకం కొనేవాడు చివరి పేజీలున్నాయో లేవో తిప్పి చూడకుండా యాభై రూపాయలు తీయడు. వేల రూపాయల బోర్డు కొనేవాడు మాత్రం పెట్టె తెరవకుండా సంచిలో వేసుకుంటాడు. 2021లో నేనూ అలాగే వేసుకున్నాను, ఇంకో దుకాణంలో. ట్యూషన్లు చెప్పి దాచుకున్న ఆరున్నర వేలు. గదికి వచ్చి తెరిస్తే, ఎల్‌జీఏ 1200 సాకెట్టులోని ఆ 1200 సన్నని సూదుల్లో రెండు వంగి ఉన్నాయి. పెట్టెలోనే వంగాయో, నా చేతిలో వంగాయో దేవుడికే తెలియాలి. మరునాడు తీసుకెళితే, నువ్వే వంచావన్నారు. వంగిన సూదికి వారంటీ వర్తించదు. నా దగ్గర సాక్ష్యం లేదు. ఆ రెండు సూదులను కుట్టుసూదితో, భూతద్దం పెట్టి లేపబోయి మూడోదాన్ని విరిచాను. ఆ బోర్డు ఇప్పటికీ నా గది గోడకు వేలాడుతోంది, అడిగినవాళ్ళకు చూపించడానికి.

చాచాకు ఇదంతా చెప్పాను. ఆయన నవ్వి, తానే సెల్‌ఫోను దీపం వేసి సాకెట్టు మూత తీశాడు. దీపాన్ని ఏటవాలుగా పట్టి చూస్తే సూదుల కొనలన్నీ నేత పోగుల్లా ఒకే తీరుగా మెరవాలి. ఎక్కడైనా ఒక్క చుక్క వేరే దిక్కుకు మెరిసిందా, వద్దనాలి. మాది బాగుంది. దానికీ ఫోటో తీసుకున్నాం, బిల్లుతో కలిపి. సీరియల్ నంబరు బిల్లు మీద వేయించుకున్నాం.

ఇంకా రెండు సంగతులు ఆయన్నుంచే నేర్చుకున్నాను. బోర్డు పాతదై, ప్రాసెసరు దాని తర్వాత వచ్చినదైతే, బయాస్ కొత్తది ఎక్కించేదాకా యంత్రం లేవదు. కొన్ని బోర్డులకు వెనుక ఒక చిన్న మీట ఉంటుంది, ప్రాసెసరు లేకుండానే పెన్‌డ్రైవ్ నుంచి ఎక్కించుకోవచ్చు. లేనివాటికి దుకాణంలోనే చేయించుకుని తీసుకెళ్ళాలి. రెండోది, ఆ బోర్డు కంపెనీ ఇంకా కొత్త బయాస్‌లు పెడుతోందా అని చూసుకోవడం. దీని విలువ అదే సంవత్సరం తెలిసివచ్చింది. ఇంటెల్ 13, 14 తరాల పెద్ద ప్రాసెసర్లు అతి వోల్టేజీతో క్షీణిస్తున్నాయని తేలి, 2024 ఆగస్టు నుంచి దిద్దుబాట్లు బయాస్ రూపంలోనే వచ్చాయి. మావాడిది 12వ తరం గనుక బెంగ లేకపోయింది.

ఇంత చెప్పిన నేనే ఒకచోట పప్పులో కాలేశానని ఒప్పుకోవాలి. ముందుచూపు చాలలేదు. ఎల్‌జీఏ 1700 సాకెట్టుకు 14వ తరమే ఆఖరిది. 2024 అక్టోబరులో ఇంటెల్ ఎల్‌జీఏ 1851కి మారిపోయింది. మావాడు ఇకమీదట పెంచుకున్నా 14వ తరం దాకానే. ఏఎండీ తీరు వేరు. 2017లో ఏఎం4 బోర్డు కొన్నవాళ్ళు, 2022లో వచ్చిన రైజెన్ 7 5800ఎక్స్3డీని కేవలం బయాస్ మార్చి అదే బోర్డులో పెట్టుకోగలిగారు. ఐదేళ్ళకు బోర్డు మార్చకుండా కొత్త ప్రాణం! ఏఎం5కు 2027, ఆ పైదాకా మద్దతు ఉంటుందని ఆ కంపెనీ ప్రకటించింది. ఆ రోజు ఏఎం5కు వెళితే బోర్డు, ర్యామ్, ప్రాసెసరు కలిసి లెక్క పెరిగేది, కార్డు తగ్గించవలసి వచ్చేది. ఇప్పుడు ఎవరైనా అడిగితే, నాలుగేళ్ళ తర్వాత చేతికి మళ్ళీ డబ్బు వచ్చే ఆశ ఉన్నవాణ్ణి ఏఎం5 వైపు పంపిస్తాను. చదువు అయిపోగానే అమ్మేసేవాణ్ణి పంపను.

ఆ రాత్రి పదకొండుకు మా గదిలో యంత్రం లేచింది. మొదట బోర్డు మీద ర్యామ్ గుర్తు దగ్గర ఎర్రదీపం వెలిగి ఆగిపోతే మావాడి మొహం పాలిపోయింది. ర్యామ్ తీసి మళ్ళీ టక్కుమనేదాకా నొక్కితే సరిపోయింది. ప్రాసెసరు బిగించేటప్పుడు ఎగిరిపడిన నల్లటి ప్లాస్టిక్ మూతను వాడు చెత్తబుట్టలో వేయబోతే ఆపాను. బోర్డును ఎప్పుడైనా వారంటీకి పంపవలసి వస్తే ఆ మూత సాకెట్టు మీద ఉండాలి, లేకపోతే వెనక్కి పంపేస్తారు. ఇప్పుడది వాడి జామెట్రీ బాక్సులో, కోణమానిని పక్కన ఉంది.