అష్టాచమ్మాలో తెలిసే తేడా

బందరు నుంచైనా, గుడివాడ నుంచైనా, దివిసీమ నుంచైనా వచ్చే తల్లిదండ్రులు అడిగేది దాదాపు ఒకటే: నాలుగుసార్లు పిలిచినా పలకడు, బడిలో కుదురుగా కూర్చోడు, ఇది ఆటిజమా, ఏడీహెచ్‌డీనా? ముందు వినికిడి పరీక్ష చేయించాలి, మిగతా మాట ఆ తర్వాతే. రెండూ మెదడు ఎదుగుదలలో వచ్చే తేడాలే. రెండింటినీ తేల్చే రక్తపరీక్ష గానీ స్కానింగు గానీ లేదు. లక్షణాల పట్టీ పెట్టుకుని టిక్కులు కొడితే చాలా గళ్లు రెండింటికీ నిండుతాయి. కాబట్టి పిల్లవాడి ధ్యాస ఎక్కడ తెగుతోందో, ఎక్కడ అతుక్కుంటోందో చూడాలి.

నలుగురు పిల్లలు అష్టాచమ్మా ఆడుతున్నారనుకోండి. ఏడీహెచ్‌డీ ఉన్నవాడికి ఆట తెలుసు, వంతు తనది కాదనీ తెలుసు. అయినా చెయ్యి ఆగదు, గవ్వలు లాక్కుంటాడు. వీధిలో ఐస్‌బండి గంట మోగితే ఆట మధ్యలోనే లేచిపోతాడు. పక్కవాడు అలిగితే మాత్రం, కాస్త ఆలస్యంగానైనా, కనిపెడతాడు. బొమ్మ కనబడగానే మీట నొక్కమనే ప్రయోగాల్లోనూ ఇలాంటి పిల్లల వేగం ఒకసారి చురుగ్గా, మరుక్షణం మందంగా ఊగుతుందని మళ్లీ మళ్లీ తేలింది. ఆటిజం ఉన్నవాడు అదే అరుగు మీద చింతపిక్కల్ని చిన్నవీ పెద్దవీ ఏరి వరసగా పేరుస్తూ ఉండవచ్చు. లేదా నియమం వెంట్రుకవాసి తప్పినా ఒప్పుకోక ఆట ఆపేయవచ్చు, ఎదుటివాళ్లు విసుక్కుంటున్నారని తెలియకుండానే. ఇతని ధ్యాసకు కొదవేమీ లేదు, పాతుకున్న చోటి నుంచి దాన్ని పెకలించడమే కష్టం. మనిషి గొంతుకీ చూపుకీ అందరికీ ఉండే లాగుడు ఇతని మీద అంతగా పనిచేయదు. 2013లో అమీ క్లిన్, వారెన్ జోన్స్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన ఫలితం అద్భుతం: తర్వాత ఆటిజం అని తేలిన పసికందులు మొదట్లో అందరిలాగే ఎదుటివారి కళ్లలోకి చూశారు, రెండో నెలకూ ఆరో నెలకూ మధ్య ఆ చూపు తగ్గుతూ వచ్చింది. ఉన్నదే జారిపోయిందన్నమాట! తల్లి ప్రేమ చాలకే ఆటిజం వస్తుందని 1967లో పుస్తకమే రాసిన బ్రూనో బెటెల్‌హైమ్ ఎందరు తల్లుల్ని ఏడిపించాడో. పదేళ్లకు, 1977లో, కవలల మీద ఫోల్‌స్టీన్, రట్టర్ చేసిన అధ్యయనం ఆటిజం మూలం చాలావరకు వంశంలో ఉందని చూపింది.

రెండూ ఒకరిలోనే ఉంటే? ఉంటాయి, తరచుగానే ఉంటాయి. కానీ 1994 నాటి అమెరికా మనోవైద్యుల గ్రంథం డీఎస్ఎం, ఆటిజం అని రాస్తే ఏడీహెచ్‌డీ అని రాయకూడదంది. 2013 దాకా ఆ పొరపాటు దిద్దలేదు. కలిసే ఉంటున్నప్పుడు విడదీయడం దేనికంటారా? మందు కోసం. 2005లో వెలువడిన ఒక అధ్యయనంలో ఆటిజం తరహా సమస్యలతోపాటు అతిచురుకుదనమూ ఉన్న 72 మంది పిల్లలకు, ఏడీహెచ్‌డీకి వాడే మిథైల్‌ఫెనిడేట్ ఇస్తే సుమారు సగం మందికే గుణమిచ్చింది, కొందరు దుష్ప్రభావాలతో మానేశారు. ఏడీహెచ్‌డీ మాత్రమే ఉన్నవాళ్లలో అది ఇంతకంటే బాగా పనిచేస్తుంది. ఆటిజంలోని సామాజిక ఇబ్బందికి మాత్రం మందే లేదు. దానికి మాట, ఆట, చదువు నేర్పే శిక్షణే దారి.

ఇక కాగితాల సంగతి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం రెండింటినీ వేర్వేరుగా గుర్తించమంటుంది. 2016 వికలాంగుల హక్కుల చట్టం లెక్కగట్టిన 21 వైకల్యాల్లో మాత్రం ఆటిజం ఉంది, ఏడీహెచ్‌డీ పేరే లేదు. అంటే సదరం వైకల్య నిర్ధారణ శిబిరంలో ఒకరికి సర్టిఫికెట్ దొరకవచ్చు, ఇంకొకరికి ఆ పేరుతో దరఖాస్తు పెట్టుకునే దారే లేదు. ఈ అన్యాయాన్ని సరిచేయాల్సింది చట్టంలో. సర్టిఫికెట్ కోసం ఏడీహెచ్‌డీని ఆటిజం అని రాయమని డాక్టరును బతిమాలితే పిల్లవాడికి అక్కర్లేని శిక్షణ అంటగట్టి, అవసరమైన మందు ఆపినట్టవుతుంది.