సన్‌స్క్రీన్ కొనేముందు డబ్బా చదవండి

ఆదిలాబాద్ జిల్లాలో ఎండ 45 డిగ్రీలకు చేరడం కొత్త కాదు. ఉట్నూరు చుట్టుపక్కల తునికాకు ఏరేవారు, ఉపాధి పనులకు పోయేవారు ఆ ఎండలోనే పని చేయాలి. "ఎండకు ఏ క్రీము రాసుకోవాలి?" అని చాలామంది అడుగుతుంటారు. ఒక క్రీము పేరు చెప్పడం కన్నా, డబ్బా మీద ఏం చూడాలో తెలుసుకోవడం మేలు.

ఎవరికి తప్పనిసరి?

చామనఛాయ, నల్లని చర్మంలో ఉండే రంగు పదార్థం మనకు కొంతవరకు రక్షణ ఇస్తుంది. అందువల్ల అందరూ డబ్బు ఖర్చు పెట్టి క్రీము కొనవలసిన పని లేదు. కాని పుట్టుకతోనే ఒంటికి, వెంట్రుకలకు రంగు లేని పిల్లలకు, బొల్లి మచ్చలు ఉన్నవారికి, లూపస్ జబ్బు ఉన్నవారికి, డాక్సీసైక్లిన్ మాత్రలు వాడుతున్నవారికి ఎండ త్వరగా హాని చేస్తుంది. ఒంటి రంగు లేని పిల్లల్లో ఏళ్ళ తరబడి ఎండ తగిలితే చర్మ క్యాన్సర్ కూడా రావచ్చు. అలాంటి బిడ్డకు తల్లి నకిలీ క్రీము రాసి, రక్షణ ఉందన్న ధైర్యంతో ఎండలోకి పంపితే, క్రీము లేనప్పటికన్నా ఎక్కువ నష్టం జరుగుతుంది.

అంకె అర్థం ఏమిటి?

డబ్బా మీద ఎస్.పి.ఎఫ్. అనే మూడు ఇంగ్లీషు అక్షరాలు, వాటి పక్కన 15, 30, 50 వంటి అంకె ఉంటాయి. 30 అంటే 30 గంటలు పనిచేస్తుందని కాదు. చర్మాన్ని కమిలించే కిరణాల్లో 15 అంకె గల క్రీము సుమారు 93 శాతాన్ని, 30 గలది 97 శాతాన్ని, 50 గలది 98 శాతాన్ని ఆపుతుంది. 30కి, 50కి తేడా కొద్దిగానే ఉందని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఈ అంకెను మనుషుల మీద పరీక్షించి తేలుస్తారు. అంతర్జాతీయ పద్ధతి ప్రకారం కనీసం 10 మంది వీపు మీద, ప్రతి చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాముల చొప్పున క్రీము రాసి, ప్రత్యేక దీపం కాంతి పడేలా చేస్తారు. క్రీము రాసిన చోట, రాయని చోట చర్మం ఎర్రబడడానికి ఎంతెంత కాంతి పట్టిందో పోల్చి చూస్తారు. మనం సాధారణంగా అందులో సగం కూడా రాసుకోము. అందువల్ల డబ్బా మీద చెప్పినంత రక్షణ మనకు దొరకదు.

ఈ అంకె ముఖ్యంగా యు.వి.బి. కిరణాల గురించి చెబుతుంది. చర్మం లోతుకు పోయే యు.వి.ఎ. కిరణాల నుండి రక్షణ కోసం "బ్రాడ్ స్పెక్ట్రమ్" అన్న మాట గాని, పి.ఎ. అక్షరాల పక్కన ప్లస్ గుర్తులు గాని చూడండి. ప్లస్సులు ఎన్ని ఎక్కువ ఉంటే రక్షణ అంత ఎక్కువ.

చట్టం ఏమంటుంది?

అమెరికాలో సన్‌స్క్రీన్‌ను మందుగా పరిగణిస్తారు. "వాటర్‌ప్రూఫ్" అని రాయకూడదని అక్కడ 2011లో నిబంధన తెచ్చారు. ఎందుకంటే నీటికి, చెమటకు పూర్తిగా తట్టుకునే క్రీము ఏదీ లేదు. మన దేశంలో సన్‌స్క్రీన్ సౌందర్య సాధనాల కిందికి వస్తుంది. 1940 నాటి ఔషధ, సౌందర్య సాధనాల చట్టం, 2020 నాటి సౌందర్య సాధనాల నియమాలు దీనికి వర్తిస్తాయి. వాటి ప్రకారం తయారుచేసినవారి పేరు, చిరునామా, లైసెన్సు నెంబరు, బ్యాచ్ నెంబరు, ఎప్పటిలోగా వాడాలో ఆ తేదీ, కలిపిన పదార్థాల జాబితా లేబులు మీద ఉండాలి. కొనేవారిని మోసగించే మాటలు రాయకూడదు.

అయినా అంకెను గుడ్డిగా నమ్మలేము. 2025లో ఆస్ట్రేలియాలో చాయిస్ అనే వినియోగదారుల సంస్థ 20 సన్‌స్క్రీన్‌లను పరీక్షిస్తే, 16 రకాల్లో డబ్బా మీద చెప్పినంత రక్షణ కనిపించలేదు. గట్టి నిబంధనలున్న దేశంలోనే ఇలా ఉంటే, సంతలో పేరూ ఊరూ లేని డబ్బాలో అమ్మే క్రీము సంగతి చెప్పనక్కరలేదు. అంకె నిజమో కాదో దుకాణంలో నిలబడి మనం తేల్చలేము. కాని లైసెన్సు నెంబరు, చిరునామా ఉంటే, ఏదైనా హాని జరిగినప్పుడు జవాబు చెప్పవలసినవారు ఎవరో తెలుస్తుంది. అనుమానం వస్తే డబ్బాను, బిల్లును పారవేయకుండా డ్రగ్ ఇన్‌స్పెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు.

గుర్తుంచుకోండి

- లైసెన్సు నెంబరు, తేదీ లేని క్రీము ఎంత చవకైనా కొనవద్దు.
- అంకె 30 గాని, అంతకన్నా ఎక్కువ గాని ఉండి, "బ్రాడ్ స్పెక్ట్రమ్" అని రాసి ఉన్నది తీసుకోండి.
- పెద్దవారికి ముఖానికి, మెడకు కలిపి రెండు వేళ్ళ పొడవున క్రీము కావాలి. బయటికి వెళ్ళడానికి 15 నిమిషాల ముందు రాయండి. ఎండలో ఉన్నంతసేపు 2 గంటలకొకసారి, చెమట ఎక్కువగా పడితే ఇంకా ముందే, మళ్ళీ రాయండి.
- తెల్లబరుస్తుందని అమ్మే క్రీములు సన్‌స్క్రీన్‌లు కావు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే చర్మం పలుచబడి ఎండకు మరింత మండుతుంది.
- 6 నెలల లోపు పిల్లలను నీడలోనే ఉంచండి.
- ఏ క్రీమూ వడదెబ్బను ఆపదు. తలకు రుమాలు, నిండు చేతుల చొక్కా, చెట్టు నీడ, తాగడానికి నీళ్ళు – ఇవి అందరికీ అందుబాటులో ఉన్నవే. క్రీము వీటికి తోడు మాత్రమే.